కారవాన్ కుడివైపు

సెడూనా, బుధవారం

తమ్ముడూ రస్సెల్,

మేం క్షేమమే. కానీ నిన్నొక మాట అడగాలి. కారవాన్ సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు నాలుగూ మార్చానని మేం బయల్దేరేముందు చెప్పావు. నిజంగా మార్చావా?

కింబా దాటాక ట్రెయిలర్ల వరసతో ఒక రోడ్ ట్రెయిన్ లారీ పక్కనుంచి దూసుకుపోగానే కారు వెనక తగిలించిన కారవాన్ పాములా మెలికలు తిరిగింది. "స్టీరింగ్ నేను కదపలేదే!" అన్నారు మీ బావ క్లైవ్. నేను నమ్మలేదు. "బావ చేతులు వణుకుతున్నాయక్కా, ఓ కంట కనిపెట్టు" అన్నది నువ్వే కదా. అక్కడే ఆయన్ని డ్రైవర్ సీట్లోంచి దింపేసి ఇక్కడిదాకా నేనే నడిపాను. దారి పొడవునా ఆయన తన చేతులే చూసుకుంటూ కూర్చున్నారు.

బుష్‌లు అరిగిపోయాయని ఇక్కడి మెకానిక్ నోలీన్ అంటే, దారినపోయేవాళ్లని దోచే రకమనుకున్నాను. "నా మాటెందుకు, మీరే బండి కిందికి దూరి చూడండమ్మా" అంది. దూరాను. ఎడమవైపు రెండూ కొత్తవే. కుడివైపు రబ్బరు పిండై రాలుతోంది, బోల్టు ఏకంగా ఇనుముకే రాచుకుంటోంది. ఆ వైపు నీ షెడ్డు గోడకి ఆనుకుని ఉండేది కదూ?

నోలీన్ కొత్తవి బిగించింది. నిన్న ఎదురుగాలిలో ఊరి బయటిదాకా మీ బావే నడిపి చూశారు. బండి గీత గీసినట్టు వెళ్లింది. ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను.

"వాడికి రాయకు. ఆ మోకాళ్ల నొప్పులతో ఒకవైపు దూరడమే గొప్ప" అంటున్నారాయన. ఆయన మంచితనం ఆయనది. నాకు మాత్రం ఒక్కటి చెప్పు. కుడివైపు మరిచిపోయావా, లేక తెలిసే తప్పుని ఆయన చేతుల మీదికి నెట్టావా?

మీ అక్క