ఖబజేలా అని పిలిచినవాడు

ఉమ్లాజి,
ఆదివారం.

చిరంజీవి జబులిలేకు అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమే, నా మోకాలు తప్ప. వాన వస్తుందని రేడియో కంటే అదే ముందు చెబుతోంది. ఆసుపత్రిలో నీకు వార్డు మారిందని రాశావు, సంతోషం. కేప్‌టౌన్ చలికి స్వెట్టరు వేసుకో, అందం సంగతి తర్వాత.

అన్నయ్యను ఇంటికి తెచ్చుకున్నారా అని అడిగావు. శనివారం వెళ్ళాం. వాడి ఎముకలు తవ్వి తీసిన ఆ పొలంలో మీ బాబాయి రేగుముళ్ళ కొమ్మను నేలకు తాకించాడు. పోయినవాళ్ళ ఆత్మ ఆ కొమ్మెక్కే కదా ఇంటికి వచ్చేది.

"వదినా, కన్నతల్లివి, నువ్వు పిలువు. 'ఖబజేలా, ఇంటికి పోదాం రా' అను. నువ్వు పిలవకపోతే వాడెట్టా కదులుతాడు?"

నోరు తెరిచాను. మన వంశం పేరు గొంతు దాటి రాలేదు. చివరికి ఆయనే పిలిచాడు. వ్యానులో వాడికో సీటు తీసుకున్నాం. ఒకావిడ అందులో సంచి పెట్టబోతే డ్రైవరు, "అక్కడ మనిషున్నాడమ్మా, కనపడట్లా?" అని కసిరాడు. వంతెన వచ్చినప్పుడల్లా మీ బాబాయి, "ఏరు దాటుతున్నాం రా బెకీ, జాగ్రత్త" అని చెబుతూనే ఉన్నాడు. వాడు వచ్చేశాడని ఆయన నమ్మకం. రాలేదని నాకు తెలుసు.

ఇక నీ రెండో ప్రశ్న. పదకొండేళ్ళ కిందట అన్నయ్య దాక్కున్న చోటు పోలీసులకు ఎవరు చెప్పారో, వాళ్ళు వాడిని చంపి పూడ్చామని ఒప్పుకున్న విచారణలో ఎందుకు బయటపడలేదని అడిగావు. ఆ మనిషి దొరికితే ముఖాన ఉమ్మేస్తానన్నావు.

ఆ మనిషిని నేనే, జబూ.

ఆ రోజు నువ్వు బడికి వెళ్ళావు. ఎవరో ఒకతను గేటు బయటే ఆగి, "ఖబజేలా! లోపలికి రావచ్చా?" అని కేకేశాడు. తెల్ల పోలీసులైతే తలుపు తన్నుకుని వచ్చేవాళ్ళు, మన పేర్లతో వాళ్ళకేం పని? వంశం పేరు పెట్టి పిలిచినవాడు పరాయివాడు కాడని మా అత్తగారు నేర్పింది. ఇతను మన రంగువాడు, మన మాటవాడు. మొక్కజొన్న ముద్ద, పెరుగు పెట్టాను. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు, కంచం తనే కడిగాడు. "అమ్మా, బెకిని సరిహద్దు దాటించాలి. ఆలస్యమైతే దొరికిపోతాడు" అన్నాడు. వాడు దాక్కున్న మీ పెద్దమ్మ ఇల్లు చెప్పాను. దారిలో ఇద్దరూ తినమని రొట్టె కూడా కట్టి ఇచ్చాను తల్లీ.

విచారణలో అతన్ని గుర్తుపట్టాను. ఒకప్పుడు బెకితో కలిసి తెల్లవాళ్ళ సర్కారు మీద పోరాడినవాడే, పోలీసులు కొట్టి కొట్టి తమవైపు తిప్పుకున్నారట. బెకి ఆచూకీ ఎవరిచ్చారని అడిగితే నా వైపు చూసి, "గుర్తులేదు" అన్నాడు. నా మీద జాలిపడ్డాడు. ఆ జాలి నన్ను తినేస్తోంది. చట్టాలు మారాయి, నేనూ వరుసలో నిలబడి ఓటు వేశాను. ఆ పేరు మాత్రం నా నోటికి తిరిగి రాలేదు.

ఒక్కసారి రా జబూ. మళ్ళీ ఆ పొలానికి వెళ్దాం. కొమ్మ నువ్వు పట్టుకో, అన్నయ్యను నువ్వే పిలువు. కొమ్మ పట్టినవాళ్ళు దారంతా పోయినవాళ్ళతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు కదా. నాతో మాట్లాడే బాధ నీకు ఉండదు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ