గడప మీద పిల్ల

మార్కాపురం

ఇందక్కా,

హైదరాబాదులో నువ్వు కులాసాగా ఉన్నావని నీ వాట్సాప్ స్టేటస్ చూసి తెలుసుకుంటున్నాను. ఫోనులో అడుగుదామని రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను, అందుకే రాస్తున్నాను.

బయటి కంపెనీల కార్టూన్ పనులు ఆగిపోయి, కంప్యూటర్లు అమ్మేశాక నువ్వు వేరే ఉద్యోగానికి వెళ్లినప్పుడు మన స్టూడియో పని అయిపోయిందనుకున్నాను. మన ఊళ్లో మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ నుంచి గిద్యోను అన్న రాతిపలకలు తెచ్చాక మళ్లీ ప్రాణం వచ్చింది. బలపంతో బొమ్మ గీసి, ఫొటో తీసి, తడిగుడ్డతో తుడిచి, అదే పలక మీద బొమ్మ తర్వాతి కదలిక గీస్తున్నాం. ఆ ఫొటోలన్నీ వరుసగా కలిపితే కార్టూన్ సినిమా, ఈసారి మన సొంత కథే.

అది కాస్తా ఈస్టరుకు వచ్చినప్పుడు నువ్వు గీసిన బొమ్మ దగ్గర ఆగిపోయింది. గడప మీద కాలెత్తిన పిల్ల. ఫొటో తీశాం కాబట్టి బొమ్మ ఎక్కడికీ పోదు. అయినా తుడవడానికి నాకు చేతులు రావడం లేదు.

పలకలు తుడిచే విజయమ్మత్త రోజూ అడుగుతోంది: "ఎన్నాళ్లని ఆ పిల్ల ఒంటికాలి మీద నిలబడాల? ఇట్లియ్యి, తుడిచేస్తా."

స్టూడియో నడపాల్సినవాడు కదా, గిద్యోను అన్నకు కోపం వచ్చింది. "ఒక్క బొమ్మ కోసం అందరి పనీ ఆపుతావా ఏంది?" అన్నాడు. పలక నా బల్ల సొరుగులో దాచాను.

ఉద్యోగం మానేయమనను. ఒక్క ఆదివారం వచ్చి నువ్వే తుడువు, తర్వాతి బొమ్మ నువ్వే గీయి. ఆ రోజు తర్వాతి బొమ్మేంటో చెప్పకుండానే బస్సెక్కావు కదా అక్కా, ఆ పిల్ల ఇంట్లోకి వస్తోందా, వెళ్లిపోతోందా?

నీ పక్క బల్ల చెల్లెలు