కార్తీకంలో నీరు ఎటు పోతుంది

విశాఖపట్నం పాత ఊరి కాపురస్తుడు, ముప్పయ్యొక్క ఏళ్ళు హైస్కూలు పిల్లలకు భూగోళం చెప్పి కిందటేడు రిటైరైన నజీర్ అహ్మద్ అనే నేను, ఒంట్లో నలతగా ఉన్నా మతి నిలకడగానే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. మా అబ్బాయి కరీం "ఇప్పుడియ్యన్నీ ఏటికి అబ్బాజాన్" అని కసురుకున్నాడు. నేను లెక్కచెయ్యలేదు.

1. మా ధర్మం ప్రకారం ఆస్తిలో మూడో వంతే నా ఇష్టానికి వదిలారు. ఇల్లూ సామానూ వారసులకు ధర్మప్రకారం చెందాలి. నా వంతుకు మిగిలినవి పాత కాగితాలు. వాటి గురించే నా బెంగంతా. ఉక్కునగరం క్వార్టర్లో ఉంటున్న కరీం ఈ కింది పనులు జరిపించాలి.

2. ఓడల పుస్తకం. మా పదో తరగతి గది మేడమీద ఉండేది. కిటికీలోంచి నీళ్ళు కనబడవు, పెంకుటిళ్ళ కప్పులే. హార్బరులో కూత వినబడగానే పాఠం ఆపెయ్యడం నా తరగతి ఆచారం. ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్ళు కిటికీ దగ్గరికి పరుగెత్తేవారు. పెంకుల మీదుగా, ఆరేసిన చీరల మీదుగా ఓడ నింపాదిగా నడిచిపోయేది. జెండా చూసి దేశం చెప్పాలి, ఏం మోస్తోందో ఊహించాలి. తప్పు చెప్పినా పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. "దాన్నిండా యాలకులే సార్, వాసనొస్తంది" అని ఒకడు ఒట్టేసి చెప్పాడు. నలభైమందిమీ కళ్ళు మూసుకొని పీల్చాం. నిజంగానే వచ్చింది. ఆ ఘడియలోని సుఖం నా జీతంలో ఏనాడూ లేదు. పద్నాలుగేళ్ళ ఈ పుస్తకం స్కూలుకు చెందాలి. బీరువాలో పెట్టి తాళం వెయ్యకూడదు.

3. పక్క గదిలో లెక్కలు చెప్పిన కొండలరావు మాస్టారు, నా పిల్లల కేకల మీద హెడ్మాస్టరుకు మూడుసార్లు ఫిర్యాదు చేశారు. అందుచేత ఆయనకు ఏమీ ఇవ్వను. మూడోసారి ఫిర్యాదు చేసిన రోజు ఆయన కూడా మా కిటికీ దగ్గరే నిలబడి ఓడను చూస్తున్నారని మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను.

4. నేను కొని తరగతి గోడకు తగిలించిన జిల్లా పటం, ఒకప్పుడు నా దగ్గర చదివి ఇప్పుడు ఆటోనగర్లో లేతు మిషను నడుపుతున్న అర్జునరావుకు. వాళ్ళ ఊరు స్టీలు ప్లాంటు కింద పోయింది. పటం కొత్తగా తగిలించిన రోజు దాన్లో వెతికి వెతికి "మా ఊరేది సార్" అన్నాడు. పెన్సిలిచ్చి నువ్వే పెట్టమన్నాను. చుక్క పెట్టి, పక్కన బావీ జీడితోటా గీసి, వాళ్ళ ఎద్దు పేరు కూడా రాశాడు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చి అదేమిటని అడిగితే, ఎద్దండీ అన్నాను.

5. జాలరిపేట అమ్మాయి వరహాలు సంగతి. మన తీరం వెంట నీరు ఏడాది పొడుగునా ఉత్తరానికే పోతుందని నేను నోట్సు రాయించాను. 1976 అర్ధ సంవత్సరం పరీక్షలో ఆమె, "కార్తీకంలో నీరు దక్షిణానికి పోతాది, మా అయ్య వల అటే లాగుతాది" అని రాసింది. ఎర్రసిరాతో సున్నా చుట్టి, తరగతిలో చదివి వినిపించి, మీ అయ్య ఏ కాలేజీలో చదివాడమ్మా అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సోమవారం వరహాలు రాలేదు. మరింక రానేలేదు.

మూడేళ్ళ తర్వాత కార్తీకంలో ఒక చేపల పడవెక్కాను. గాలి లేదు. తెడ్లు ఎత్తేసి కూర్చున్నాం. తరగతిలో చూపించే దిక్సూచి నా ఒళ్ళో ఉంది. డాల్ఫిన్ నోస్ కొండ మెల్లమెల్లగా ఉత్తరానికి జరుగుతోంది. కొండలు జరగవు కదా. మేమే దక్షిణానికి పోతున్నాం. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత ఏడేళ్ళూ బజారులో వరహాలు గంప దగ్గరే చేపలు కొన్నాను. "మాస్టారికి మంచియి ఏరి ఏసినాను" అనేది. తప్పు నాదమ్మా అనే రెండు ముక్కలు నా నోరు దాటలేదు. మాస్టారినన్న పొగరు, ఇంకేముంది.

ఆ జవాబు కాగితం నా దగ్గరే ఉంది. సున్నా కొట్టేసి, అయిదుకు అయిదు వేసి, తప్పు మాస్టారిది అని రాసి సంతకం పెట్టాను. ఇది నా ఆస్తి కాదు, మొదటినుంచీ ఆమెదే. తిరిగి ఇచ్చేస్తున్నాను.

6. వరహాలుకు నేను వేరే ఏదీ రాయలేదు. వీలునామా కింద ఏదైనా పుచ్చుకునేవాళ్ళు దానికి సాక్షి సంతకం చెయ్యకూడదని వకీలు గారన్నారు. నాకు ఆమె సాక్ష్యం కావాలి. నిన్న ఆ గంప దగ్గరే, బజారంతా వింటుండగా, ఆ రెండు ముక్కలూ అనేసి, వచ్చి సాక్షి సంతకం పెట్టమని అడిగాను. గంపలో చేపల మీద నీళ్ళు చిలకరించింది. "నాను సంతకం ఎట్టి పదేళ్ళయిపోనాది మాస్టారూ, సెయ్యి తిరుగుతాదో నేదో" అంది. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

ఆమె రాకపోతే రెండో సాక్షి చోటు ఖాళీగానే ఉంచాలి. వీలునామా చెల్లకపోతే పోనీ, ఇంకొకరి చేత పెట్టించవద్దు.

ఇంతకు మించి నాకు ఇవ్వడానికీ, దాచడానికీ ఏమీ లేదు.

విశాఖపట్నం, 1986 నవంబరు 14, శుక్రవారం, కార్తీకమాసం.

(సంతకం) నజీర్ అహ్మద్

సాక్షులు:

1. కొండలరావు, రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఫిర్యాదులు రెండే, మూడు కావు.

2. వరహాలు, జాలరిపేట. సెయ్యి తిరిగింది మాస్టారూ. నీరు ఈయేల కూడా దక్షిణానికే పోతంది.