రావెల వారి డోలు

బెల్లంపల్లి, మార్చి 1961

బ్యాండు మేళం మేస్త్రి, మా బావ పర్శరాములుకు బామ్మర్ది ఎల్లేశం దండం పెట్టి రాయునది.

బొగ్గు దుమ్ముతో సహా అందరం బాగున్నం. మా బొగ్గుబాయి క్లబ్బుల గ్రామఫోను చూసుకునుడు నా జిమ్మ అని నీకు ఎరుకే. మా మేనేజరు దొర బదిలీ మీద పోతుండు. వీడ్కోలు సభల పెట్టాలని రెండు ప్లేట్లు ఇచ్చిండు. రెండింట్ల ఉన్నది ఒక్కటే బాణీ, రావెల్ అనే ఆయన కట్టింది. వాయించిన బ్యాండ్లు మాత్రం వేరు. ఏది మంచిదో నన్ను చెప్పుమన్నడు. నాకు రెండూ ఒక్కతీరే వినవడుతున్నయి! అవి పంపుతున్న. మీ బట్టల సేటు ఇంట్ల కరెంటు గ్రామఫోను మీద విని, జర తీర్పు చెప్పు.

నీ ఎల్లేశం

మరిచిన: ప్లేట్లంటే రికార్డులు. అక్క వాటిల అన్నం పెట్టకుంట చూడు.

కరీంనగర్

బామ్మర్ది ఎల్లేశానికి బావ దీవెనలు.

మేళమంత కూసోని విన్నం. ముందుగాల ఒక్క డోలు, చెవి పెట్టినా వినరానంత మెల్లగ. మీదికెల్లి పీకలు, బాకాలు ఒక్కొక్కటి వచ్చి చేరినయి. పావుగంట అదే దరువు, పెరుగుడే పెరుగుడు. ఆఖరుకు సేటు ఇంటి కిటికీలు గడగడలాడినయి. నా ఒళ్లు జలదరించింది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇన్నేండ్లు మేళం నడిపిన గని ఇసొంటిది ఉంటదని కలల సుత అనుకోలే.

రావెల వారంటే గుంటూరు దిక్కాయనే గద? అటుకెల్లి ఆఫీసర్లొచ్చిన్రు, ఇగ బ్యాండ్లు సుత వస్తే మా గతేంది? ఆయన డోలాయనను అడుగు, పెండ్లిళ్లకు మా మేళంల కొడ్తడా? మా మేళంల డోలు కొట్టే పోశం కాక ముసలోడాయె, ఎప్పుడు చూసినా ఒక్కటే దరువు. మాన్పిస్త.

పర్శరాములు

మరిచిన: కాక పక్కనే ఉన్నడు. నేను గట్టిగ చదువుకుంటనే రాస్తున్న. డోలు కొట్టి కొట్టి ఆయన చెవులు మందమైనయి, ఫికర్ లేదు.

బెల్లంపల్లి

బావకు దండం.

రావెల్ ఫ్రాన్సు దేశపాయన! ఎప్పుడో పోయిండు.

గని నిన్న మీ పోశం కాక డోలు భుజానేసుకొని, ప్లేట్లు సంకల పెట్టుకొని రైలు దిగిండు. "ఆ గుంటూరోడు ఏడి? నా ఎదురుంగ కొట్టుమను" అన్నడు. మొదటి ప్లేటు పెట్టిన. డోలు కలిపి, నడుమల ఆపిండు. "వీడు ఉరుకుతుండు, బువ్వకు ఆలస్యమైనట్టు." రెండోది పెట్టిన. అది నడిచింది, కాక దానితోటి నడిచిండు. కండ్లు మూసుకున్నడు, ఒక్క దెబ్బ తప్పలే. షిఫ్టు దిగినోళ్లు దీపాలతోటే తలుపుకాడ నిలబడ్డరు. క్లబ్బుల కూసున్న దొర లేచి టోపీ తీసిండు.

ఎల్లేశం

మరిచిన: కాకకు చెవులు మందం కాదట. నీ మాటలకే విననట్టు ఉంటడట.

కరీంనగర్

ఎల్లేశం, కాకను ఎంటనే పంపు.

డోలు లేకుంటనే పెండ్లి ఊరేగింపు తీసిన. బాకాలోడు ఉరికిండు, పీకలోడు ఎనుకవడ్డడు. పెండ్లి పిల్లగాడు ఒక గల్లీల, మేళం ఒక గల్లీల! పిల్ల తండ్రి నన్ను కొట్టవచ్చిండు. అందరిని పట్టి నిలిపింది కాక దరువే అని నాకిప్పుడు సమజైంది. తప్పయిందని చెప్పు.

పర్శరాములు

బెల్లంపల్లి

బావకు, కాక చెప్పంగ ఎల్లేశం రాయునది.

వస్తడట. ఒక్కటే షరతు. ఇగనుంచి ఊరేగింపు షురూల ఆయన డోలు ఒక్కటే మోగాలె. మీరంత ఒక్కొక్కరు వచ్చి చేరాలె, చివరకు నువ్వు.

దొర సభల ప్లేటు పెట్టనియ్యలే, కాకనే కొట్టుమన్నడు.

ఎల్లేశం

మరిచిన: రావెల్ ఫ్రాన్సాయన అంటే కాక ఒప్పుకుంటలేడు. "మనోడు కాకుంటే నా దరువు వానికెట్ల దొరికింది?" అంటుండు.