బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల వద్దు

బావా,

ఆగిరిపల్లి తోటకి కాయ కోతకు వెళ్తున్నాను. టీవీ బ్యాటరీ ఛార్జింగులో ఉంది. మామిడికాయలు మగ్గేసిన గదిలో నువ్వు పెట్టినదాన్ని వసారాలోకి మార్చాను. ఆ గదిలో కార్బైడు పొట్లాలున్నాయి, తడి తగిలితే మండే గ్యాసు వస్తుంది. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసు కూడా మండుతుందని షాపతను చెప్పాడు. స్విచ్చి ఆపాకే క్లిప్పులు తియ్యి. లోపల నీళ్లు చూడాలంటే టార్చి వెయ్యి.

నిన్న నువ్వు అగ్గిపుల్ల గీసి బ్యాటరీలోకి తొంగి చూస్తుంటే వద్దని అరిచాను. "నాకు తెలీదటే పిచ్చిదానా!" అని నవ్వావు. నాకు నవ్వు రాలేదు.

అన్నం, పప్పు వండి పెట్టాను. అగ్గిపెట్టె నాతో పట్టుకెళ్తున్నాను.

నాంచారమ్మ

బీడీకి నిప్పు కావాలని పక్కింటి కనకమ్మ పిన్నిని అడక్కు. ఇవ్వొద్దని ఒట్టు వేయించుకున్నాను.