సీమ రంపానికి పదును

అక్టోబరు 15, సోమవారం. దసరా.

ఇనుముకు బొట్టు! ఊర్ల కట్టెకోతోళ్ల రంపాలన్నీ పొద్దుగాల మా ఇంటి గోడకు ఆనించిండ్రు. పసుపు, కుంకుమ, బంతిపూలు. ఇగ నాయిన మా పెద్ద రంపానికి మొదటి పన్ను పదును పెట్టేదాక ఎవ్వడు రంపం ముట్టడు. ముట్టితే మొద్దులు కోసే గుంతల రక్తం పడ్తదంట. మొన్నటి లడాయిల బాంబులకు ఊర్లకు ఊర్లు లేచిపోయినయ్, మనోళ్లు ఇంకా పన్నుకు దండం పెడ్తనే ఉన్నరు. వనపర్తి బడికెల్లి బట్టల మూటల దాచి తెచ్చుకున్న కరపత్రం మల్ల తీసి సదివిన. మూఢత్వం పోనిది వెట్టి పోదు. వీళ్లకెవడు సదివి చెప్పాలె?

మాపటికి జమ్మి కాడ శేరిదారు. దొర పెత్తనమంత వీని చేతులనే. "నాగర్‌కర్నూల్ కెల్లి టేకు మొద్దులు దిగినయ్. బంగళా మీది అంతస్తుకు పలకలు గావాలె. రేపటికెల్లి అందరు రాండ్రి."

కూలి సంగతి ఎవడో నసిగిండు. శేరిదారు నవ్విండు, అంతే.

నాయిన చేతులు కట్టుకొని, నడుము వంచి — "నీ బాంచెన్ దొరా, వస్తం."

ఆ మాట... నా నాలిక కోసినా ఆ మాట నా నోట్లకెల్లి రాదు. రాసి పెడ్తున్న.

అక్టోబరు 16, మంగళ.

నాయిన ఆకురాయి పట్టలేదు. దినం మంచిగ లేదంట.

అక్టోబరు 17, బుధ.

రేపు గూడ మంచిగ లేదంట. ఎల్లుండి గూడ.

ఇప్పుడు సమజైంది. మొదటి పన్ను పదును పడకుంటే రంపాలు కదలవు. రంపాలు కదలకుంటే దొర గడికి పోయే పనే లేదు. శేరిదారు పళ్లు కొరుకుతుండు కని, వానికి గూడ భయమే — గుంతల రక్తం పడితే బంగళాకు అరిష్టమని. కోతోళ్లు ఇండ్ల ముంగట కూసోని చుట్టలు తాగుతున్నరు. మల్లయ్య మామ ఐతే బాజాప్త పండుకున్నడు. మామ అమ్మకు తోడబుట్టినోడు, నాయినకు గుంతల జోడీ. నాయిన మొద్దు మీద నిలవడి రంపం పైకి లాగుతడు, మామ గుంతల నిలవడి కిందికి గుంజుతడు.

థూ. వెట్టి చెయ్యం అని ఒక్క మాట! అది అననీకి నోరు లేదు. పంచాంగం ఎనక దాక్కుంటరు.

"నోరు లేదా నాయినా మనకు?" అన్న.

"నోరున్నోళ్ల ఈపులు సూసిన. రంపానికి ఈపు లేదు." అని మల్ల చుట్ట ముట్టిచ్చుకున్నడు.

పిరికితనానికి గూడ ఎన్ని తెలివితేటలు!

అక్టోబరు 19, శుక్ర.

శేరిదారు పట్నంకెల్లి ఇంగ్లీషోళ్ల సీమ రంపం తెప్పిచ్చిండు. చెక్కపెట్టెల, గడ్డి మధ్యల, పెండ్లిపిల్ల లెక్క. "ఇది పూజల పెట్టింది గాదు గద? దీనికి మీ పన్ను పట్టింపు లేదు. నడువుండ్రి." దొంగ, మంచి తొవ్వనే దొరకబట్టిండు.

అందరు పోయిండ్రు. నేను గూడ పోయిన, సూడనీకి.

రంపం సూస్తనే నవ్వొచ్చింది. పండ్లన్నీ ఏటవాలు, మొనలు కత్తుల లెక్క, నాలుగేసి పండ్లకు ఒక చీలిన పన్ను. చెట్టును నరికి పడగొట్టే రంపమది, అడ్డకోతకు. మొద్దును నిలువున చీల్చి పలకలు తియ్యాలంటే పన్ను ఉలి లెక్క ఉండాలె. ముంగట నిటారుగ, మొన అడ్డం తెగి, కట్టెను చెక్కుకుంట పోవాలె. అడ్డకోత పన్ను నార మీద ఊకె గీకుతది. గింత తెల్వనోడు మా మీద పెత్తనం!

నాయిన నా దిక్కు ఒక్కపారి సూసిండు. ఊకో, అన్నట్టు.

అక్టోబరు 20, శని.

పొద్దూకెదాక గుంజితే మూరెడు తెగలేదు. మామ గుంతలకెల్లి తల బయటికి పెట్టి — మొఖమంత పొట్టు, మీసాలు గూడ — "అల్లుడా, పిండి పడ్తుంది సూడు, మైదా పిండి! మీ అత్తను జల్లెడ తెమ్మను, పూరీలు చేసుకుందం."

మొద్దు చుట్టు ఉన్నోళ్లంత నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నరు. శేరిదారు ముందుగాల టేకును తిట్టిండు. తర్వాత పట్నం దుకాణపోన్ని తిట్టిండు. సోమవారం బండిల రంపం వాపస్ పంపుతడంట. కొత్తది వచ్చేసరికి నెల. ఆలోపు దొర మనసు మారుతదని మామ ఆశ.

అక్టోబరు 21, ఆదివారం.

ఏం చేసిన నేను...

శేరిదారు మొద్దు కాడ నిలవడి అందరు వినేటట్టు — "సీమ సామాను మీ మొఖాలకు తెలుస్తదారా? అడివి మనుషులు. ఈ ముసలోనికి కండ్లు పోయినయ్, మిగిలినోళ్లకు బుర్ర లేదు." నాయిన తల వంచుకొని నిలవడ్డడు. "ఔ దొరా" అంటుండు. ఔ దొరా!

నా ఒళ్లు మండిపోయింది. ముంగటికి పోయి కడిగేసిన. "బుర్ర లేంది మాకు గాదు. అడ్డకోత రంపం తెచ్చి నిలువుకోతకు పెడ్తరా ఎవరన్న? పన్ను ఏటవాలు తీసెయ్యాలె, ముంగట నిటారు చెయ్యాలె, చీలిన పండ్లు అరగదియ్యాలె. రెండు దినాల పని. ఊర్ల ఏ కోతోన్ని అడిగినా చెప్తడు." ఏలు పెట్టి పన్ను పన్ను సూపెట్టిన.

చెప్తున్నప్పుడు ఎంత హాయిగ ఉండె! చెప్పుడు అయినంక సూస్తే ఎవ్వడు దగ్గుతలేడు. నాయిన కండ్లు మూసుకున్నడు.

శేరిదారు మొఖంల కోపం పోయి నవ్వొచ్చింది. "అట్లనా? అయితే మార్చు పంతులూ."

అక్టోబరు 22, సోమ.

పదును పెట్టనన్న. గడి మనుషులు రంపం తెచ్చి మా వాకిట్ల పడేసి పోయిండ్రు. ఆకురాళ్లు జొన్నల గుమ్మిల దాచిన.

పగటి యాళ్లకు మల్లయ్య మామను పట్టుకపోయిండ్రు. గడి వాకిట్ల ఎండల వంగబెట్టి ఈపు మీద రాయి పెట్టిండ్రంట. పండ్లు మారేదాక దినాము అంతేనంట. నన్ను ఎందుకు పట్టుకపోలే? నా చేతులతోని పని ఉన్నది గద. మామ చేతులతోని ఇప్పుడు పని లేదు.

ఎంత సాఫ్ లెక్క వాళ్లది.

అక్టోబరు 23, మంగళ.

పొద్దుగాలనే అత్తొచ్చి గడప మీద కూసున్నది. ఏడ్వలేదు, తిట్టలేదు. "అల్లుడా, నీ కాయితాలల్ల దీనికి ఏమన్న రాసిండ్రా?"

కరపత్రం మొత్తం మల్ల సదివిన. ఏకం గావాలె అని ఉన్నది. ధైర్యంగ మాట్లాడాలె అని ఉన్నది. ఎండల వంగిన మనిషి సంగతి లేదు. ఇది రాసినోడు ఎన్నడన్న గుంతల దిగిండా? అత్త ముంగటనే చింపి పొయ్యిల ఏద్దమనుకున్న... ఏయలే.

కోతోళ్లొచ్చి రెండు తీర్ల మాట్లాడ్తున్నరు. మామను ఇడిపియ్యి అంటరు. నువ్వు పదును పెడ్తే రేపు కొయ్యాల్సింది మేమే అంటరు. మరి నన్నేం చెయ్యమంటరు? అది మాత్రం ఒక్కడు చెప్పడు.

అక్టోబరు 24, బుధ. పొద్దున.

నాయిన సీమ రంపాన్ని కడిగి, రెండు పలకల మధ్యల బిగిచ్చి, పండ్లు పైకి పెట్టిండు. బొట్టు పెట్టలేదు. నన్ను దగ్గర కూసోబెట్టుకున్నడు.

"ఉలి పన్నే పెడ్దం. మంచిగ పెడ్దం, బొటనేలు పెడ్తే తెగాలె. కని వంపు తీసేద్దం."

పండ్లను ఒకటి అటు ఒకటి ఇటు జర వంచుతం, గాటు రంపం కంటె ఎడల్పు పడనీకి. వంపు లేకుంటే ఎంత పదునున్నా జానెడు దిగంగనే కట్టె రంపాన్ని పట్టేస్తది. గుంజినకొద్ది కాలుతది. శేరిదారు బొటనేలుతోని పదును సూస్తడు. వంపు సూడడు. వానికి తెల్వదు.

"పట్టేసినంక ఏమంటం?"

"సీమ ఇనుముకు మన టేకు పడలేదంటం. రంపం పట్నం పోతది. మామ ఇంటికొస్తడు."

నేను లేచి గుమ్మిలకెల్లి ఆకురాళ్లు తెచ్చిన. నాయిన తీసుకోలే. నా చేతులనే ఉంచిండు.

"నా కండ్లకు ఆనది. నువ్వే పెట్టాలె. శేరిదారుకు గూడ నువ్వే చేతికియ్యాలె. నీ మాటనే నమ్ముతడు వాడు. మొన్న అన్నీ చెప్పినోనివి నువ్వు." నా ఏళ్లు ఆకురాళ్ల మీద మూసిండు. "తల వంచి ఇయ్యాలె. బాంచెన్ అనాలె. అట్లనకుంటే వానికి అనుమానం వస్తది బిడ్డా."

ఆకురాయి పట్టిన.

అదే రోజు. పొద్దు తిరిగింది.

ఆఖరి పన్ను అయిపోయింది. బాగొచ్చింది, నాయిన గూడ ఏలు పెట్టి మెచ్చుకున్నడు. నా జన్మల ఇంత మంచిగ పదును పెట్టలేదు, ఇంత పనికిరాని రంపం చెయ్యలేదు. చేతుల నిండ ఇనుప పొడి.

ఆ మాట ఒక్కపారి గొంతుల అని సూసిన. సగమే వచ్చింది.

గడి వాకిట్ల మామ ఇంకా వంగే ఉంటడు. మొన్న అంత ఉషారుగ వాగిన నాలిక, ఇయ్యాల రెండక్షరాలకు లేస్తలేదు. శేరిదారు మొఖం సూస్తే ఏమొస్తదో — ఆ మాటే వస్తదో, వంపు సంగతే బయట పడ్తదో... నా మీద నాకే నమ్మకం లేదు.

బయట కిర్రు చెప్పుల సప్పుడు. శేరిదారే.

"బిడ్డా," నాయిన పిలుస్తుండు, "దొరొచ్చిండు. రంపం తే."