పేజీల లెక్క నీది, పేరు నాది

నీ పనిని నాకు చెప్పకుండా నా పేరుతో పంపించి తప్పు చేశావు సుధాకరన్నా.

కంప్యూటర్ మెమరీలో పేజీ అనే ప్రతి ముక్కనీ ఎన్ని ప్రోగ్రాములు వాడుతున్నాయో, కంప్యూటర్‌ని నడిపే మూల ప్రోగ్రాము కెర్నెల్ విడివిడిగా లెక్కపెడుతుంది. పేజీలను కట్టగట్టి ఒకేసారి లెక్కవేస్తే పని తొందరగా అవుతుందని కనిపెట్టింది నువ్వు. "రొయ్యపిల్లల్ని ఒక్కోటిగా ఎవుడు లెక్కేస్తాడ్రా? సంచి లెక్కే గదా" అని మీ రొయ్యల గుంట గట్టు మీద నవ్వావు. ఆ వారమే అక్కడి మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయావు.

ఈ రోజు కెర్నెల్ చూసుకునేవాళ్ల దగ్గర్నుంచి నాకు జవాబొచ్చింది. నీ మార్పు బాగా పనిచేస్తోందట, సోమవారం కెర్నెల్‌లో కలుపుతారట. కలిపాక పేరు మార్చడానికి ఉండదు. మీ అమ్మ "నీ పేరొచ్చిందంట గదా నాయనా" అని టీ ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి పెట్టాను.

నాకు ఉద్యోగం రావాలనే నా పేరు పెట్టావా? నన్నడిగి చావాల్సింది. ఆదివారంలోగా జవాబు చెప్పు. చెప్పకపోతే నా పేరు కొట్టేసి నీది రాస్తాను.